కండువా కింద మీటలు

నాకు ముక్కుమీదే కోపం. నూజివీడు పాత బజారులో ఎవరిని అడిగినా ఈ మాట చెబుతారు. ఆ కోపంలో చాలామందిని చాలా మాటలన్నాను. అన్నందుకు పెద్దగా బాధపడిందీ లేదు. ఒక్క మనిషి విషయంలో మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. ఆయన పేరు భావనారాయణ. బస్టాండు పక్క సందులో రేడియోలు బాగుచేస్తారు. మా ఆయన ఇవాళ రెండు కాళ్ళమీద తిరుగుతున్నారంటే అది ఆ మహానుభావుడి చలవే.

భావనారాయణ గారిది అర్చకుల ఇల్లు. గుడి అన్నగారికి వెళ్ళింది. ఈయన పోస్టులో పాఠాలు తెప్పించుకుని రేడియో పని నేర్చుకున్నారు. ఆ కొట్టు ఎంతంటే, ఆయన స్టూలు మీద కూర్చుంటే వచ్చినవాళ్ళు గుమ్మంలోనే నిలబడాలి. ఎవరు ఏం చెప్పినా "అలాగేనండి" అంటారు తప్ప రెండో మాట ఉండదు. పని చేసేటప్పుడు కళ్ళు మూసుకుంటారు. సెట్టు విప్పి, కళ్ళు మూసుకుని, వేళ్ళతో లోపల తడుముతుంటే, ఈయన బాగుచేస్తున్నాడా జపం చేస్తున్నాడా అని నేనే వేళాకోళం చేసేదాన్ని.

మా ఆయన పాండురంగారావు గారిది మామిడికాయల వ్యాపారం. పుట్టింది మామిడికాయల మధ్య, వచ్చింది షుగరు జబ్బు. ఏం చెప్పమంటారు! చిన్నరసాల గంప ముందు కూర్చుని తొడిమ దగ్గర వాసన చూసి, "ఇవి రెండ్రోజుల్లో పండుతాయి" అని చెప్పి, నోట్లో పెట్టుకోకుండా పక్కన పెట్టేయాలి. అది కూడా పాపం ఓర్చుకున్నారు. డాక్టరుగారు రోజూ నాలుగు మైళ్ళు నడవమంటే మాత్రం ఓర్చుకోలేకపోయారు.

"పనీపాటా లేనివాడిలా రోడ్డు పట్టుకు తిరగమంటావా?" అనేవారు నా మీద విరుచుకుపడి.

ఆయనకి నాటక పద్యాలంటే ప్రాణం. మంచి రాగం వినబడితే అన్నం ముందునుంచి కూడా లేచిపోయే రకం. అది తెలిసే మా తమ్ముడు నారాయణరావు ఎనభై ఏడులో మాఘమాసంలో వచ్చినప్పుడు మద్రాసు బర్మా బజారు నుంచి ఒక వాక్‌మన్ పట్టుకొచ్చాడు. కొత్తరకం. దానికి మీటలే లేవు. అద్దంలాంటి నున్నటి పలక మీద వెండిరంగు గళ్ళు నాలుగు. వేలు అలా తగిలితే చాలు, పాట మొదలవుతుంది, ఆగుతుంది, వెనక్కి తిరుగుతుంది. "బావా, నొక్కక్కర్లేదు, తాకితే చాలు" అని వాడు చూపిస్తుంటే వీధివీధంతా వచ్చి చూసి వెళ్ళింది.

పద్యం చెవుల్లో పడగానే మా ఆయన కాళ్ళు కదిలాయి. తెల్లారేసరికి రెడ్డిగూడెం రోడ్డు మీద ఉండేవారు. నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. కానీ ఆ సంబరం నెలరోజులే.

ఆయన ఒక పద్యం పూర్తిగా విని ఊరుకునే మనిషి కాదు. రాగం బాగున్నచోట వెనక్కి తిప్పి మళ్ళీ వినాలి, ఇంకోసారి వినాలి. ఆ నాలుగు గళ్ళూ చేతికి ఒకేలా ఉంటాయి. ఏది ఏదో తెలియాలంటే చూడాలి. చూడాలంటే చత్వారం అద్దాలు పెట్టుకోవాలి. దానికితోడు నడుముకున్న సెట్టుకి కండువా రాసుకున్నా పాట ఆగిపోయేది. రోడ్డు మీద పదిసార్లు ఆగడం, అద్దాలు పెట్టుకోవడం, తీయడం. ఒకరోజు ఆగడానికి బద్ధకించి, సెట్టు వంక చూస్తూనే నడిచారు. కంకరరాయి తగిలి బోర్లా పడ్డారు. కాలి బొటనవేలు చితికిపోయింది.

షుగరున్న మనిషికి కాలి దెబ్బ అంటే మాటలా! నలభై రోజులు కట్లు కట్టించుకున్నారు. చివరిరోజు డాక్టరుగారు మా ఆయనతో కాదు, నాతో చెప్పారు.

"అమ్మా, ఈసారికి వేలు దక్కింది. బూట్లు వేయించి నడిపించండి. నడవకపోతే షుగరు దిగదు. దిగకపోతే వచ్చేసారి ఇంత చిన్న దెబ్బకే కాలు తీసేయాల్సొస్తుంది."

వచ్చే దారిలోనే బూట్లు కొనిపించాను. మా ఆయన మాత్రం ఇంటికొచ్చి, "పాట లేకుండా నడవలేను, పాట పెట్టుకుంటే పడతాను. నా ఖర్మ, వదిలెయ్యవే" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. బతిమాలాను, తిట్టాను, అన్నం మానేశాను. ఉహూఁ. ఆయన పాదం వంక చూసినప్పుడల్లా ఏడుపొచ్చేది.

మర్నాడు ఆ వాక్‌మన్ తీసుకెళ్ళి, "నా కళ్ళముందు ఉంచకండి" అని భావనారాయణ గారికి ఇచ్చేసి వచ్చారట. నాకు చెప్పలేదు.

అప్పటికి కాయల రోజులు. వారం తిరిగేసరికి, ఏమైందో ఏమో, మా ఆయన తెల్లవారుజామునే బూట్లు కట్టుకుని బయల్దేరడం మొదలుపెట్టారు. నేను అడగలేదు. అడిగితే మానేస్తారేమోనని భయం. పదిరోజుల తర్వాత, ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు బల్లమీద కండువా తీస్తే కింద వాక్‌మన్ ఉంది. మా తమ్ముడిచ్చింది కాదు. ఇటుకంత లావుంది. రంగు పోయింది. ఇనప మీటలు మూడు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒక మీట మీద సీసం చుక్క అతికించి ఉంది, ఇంకోదాని మీద ఆకురాయితో గాటు పెట్టి ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. రేడియో కొట్టులో బాగుకిస్తే ఆ భావనారాయణ కొత్త సరుకు నొక్కేసి, పాత డొక్కు అంటగట్టాడన్నమాట! చెప్పులేసుకుని అప్పటికప్పుడు బస్టాండు సందుకి వెళ్ళాను.

"ఏమండీ భావనారాయణ గారూ, దేవుడి సొమ్ము తిన్న ఇంట్లో పుట్టి ఇదేం బుద్ధండీ? మా ఆయన్ని అమాయకుణ్ణి చేసి మోసం చేస్తారా? మా తమ్ముడు తెచ్చిన సెట్టు ఎవరికి అమ్ముకున్నారు?"

ఇంకా చాలా అన్నాను. అవన్నీ రాయలేను. సందులో నలుగురూ పోగయ్యారు. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉంది. మొహం ఎర్రబడింది. నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే మెల్లగా అన్నారు:

"అమ్మా, రేపు పొద్దున్న ఆయనకి తెలియకుండా వెనకాల నడవండి. తిరిగొచ్చాక ఇంకా తిట్టాలనిపిస్తే తిట్టండి. నేనెక్కడికీ పోను."

ఆ నిబ్బరం చూసి నాకు ఇంకా మండింది. అయినా మర్నాడు వెళ్ళాను.

మా మామిడి బజారులో ధర నోటితో చెప్పరు. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ చెయ్యీ చెయ్యీ కలుపుతారు, పైన కండువా కప్పుతారు. లోపల ఏ వేలు పట్టుకున్నారు, ఎన్నిసార్లు నొక్కారు అన్నదే బేరం. చుట్టూ పదిమందున్నా ఒక్కరికీ అంతుపట్టదు. మా ఆయన అందులో దిట్ట. మొహం చూస్తే కునుకు తీస్తున్నట్టుంటారు, కండువా కింద మాత్రం బేరం తెగిపోతుంది.

ఆ పొద్దున్న రెడ్డిగూడెం రోడ్డు మీద ఆయన అచ్చం అలాగే ఉన్నారు. కండువా నడుమ్మీదికి వేలాడుతోంది, కుడిచెయ్యి దాని కింద ఉంది. చూపు రోడ్డు మీదే. ఎదురుగా కాయల లారీ వచ్చింది. మోచెయ్యి కాస్త కదిలింది, పాట ఆపేశారు, పక్కకి తప్పుకున్నారు. లారీ వెళ్ళిపోయింది. మళ్ళీ మోచెయ్యి కదిలింది, తల ఊగింది. రాగం బాగున్నచోట వెనక్కి తిప్పుకున్నారు కాబోలు, ఇంకా గట్టిగా ఊగింది. ఒక్కసారంటే ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. గట్టుమీద రాళ్ళు, మొండి మోళ్ళు అన్నీ చూసుకుని తప్పుకుంటూ పెళ్ళికొడుకులా నడుస్తున్నారు. నేను అందుకోలేక తోటల దగ్గర ఆయాసపడుతూ కూలబడ్డాను. కూలబడి ఏడ్చాను.

అట్నుంచి అటే భావనారాయణ గారి కొట్టుకి వెళ్ళాను. ఆయన నన్ను చూడగానే లేచి, గూట్లోంచి ఒక మూట తీశారు. పట్టుగుడ్డలో చుట్టి, దారం కట్టి, పైన చీటీ అంటించి ఉంది: 'పాండురంగారావు గారిది.' లోపల మా తమ్ముడిచ్చిన సెట్టు. గీత కూడా పడలేదు.

"ఎలా తట్టిందండీ మీకు?" అన్నాను. క్షమించమని అడగాలని వచ్చి ఆ మాటే అడగగలిగాను.

"మీవారు ఇది ఇక్కడ పడేసి వెళ్ళాక, మాట్లాడదామని బజారుకొచ్చానండి. ఆయన కండువా కింద బేరం చేస్తున్నారు. చూస్తూ నిలబడ్డాను. మా నాన్నగారు గుర్తొచ్చారు. గర్భగుడిలో దీపం వెలుగు ఎంతండీ! స్వామి నగలన్నీ చేత్తో తడిమే పెట్టేవారు. ఒక్కటీ తప్పేది కాదు. వేళ్ళతో చూసేవాళ్ళకి వేళ్ళకి తగిలే వస్తువు ఇవ్వాలి కదా. ఇది నా సొంత సెట్టండి. చుక్క ఉన్నది పాడేది, గాటు ఉన్నది వెనక్కి తిప్పేది, నున్నటిది ఆపేది."

"మరి నిన్న అన్ని మాటలంటే ఒక్కటీ చెప్పరేం?"

"చెబితే మీరు నమ్మేవారా అమ్మా?"

నమ్మేదాన్ని కాదు. రెండు చేతులూ జోడించాను. నా జీవితంలో అత్తగారికి తప్ప ఇంకెవరికీ అలా జోడించలేదు. ఆ సందులో నిన్న పోగైనవాళ్ళు ఎవరైనా చూస్తే బాగుండుననిపించింది. నేనే సాయంత్రం ఒక్కొక్కరి గుమ్మం ఎక్కి చెప్పి వచ్చాను.

ఏడాది తిరిగింది. మళ్ళీ కాయలొచ్చేవేళకి డాక్టరుగారు పాదం తిప్పి తిప్పి చూసి, "ఈ కాలికి ఇక భయం లేదు" అన్నారు. ఆ మాట వినగానే మేమిద్దరం మొదటి కోత చిన్నరసాల గంప పెట్టించుకుని భావనారాయణ గారి కొట్టుకి వెళ్ళాం. గంప తీసుకున్నారు కానీ, ఇంకేమిస్తామన్నా వద్దన్నారు. మా ఆయన ఊరుకోలేదు. స్టూలు దగ్గర నిలబడి చెయ్యి చాపి, మీద కండువా కప్పారు.

"నోటితో అడగలేకపోతే ఇక్కడ చెప్పండి. దీని కింద ఒప్పుకున్న మాట మా ఇంట్లో ఎవరూ తప్పలేదు."

భావనారాయణ గారు సిగ్గుపడిపోయారు. కాసేపటికి చెయ్యి లోపలికి పెట్టారు. ఎంత పెద్ద బేరానికీ రంగు మారని మా ఆయన మొహం ఉన్నట్టుండి మారిపోయింది. కళ్ళనిండా నీళ్ళు.

దారిపొడుగునా ఆత్రం ఆపుకోలేకపోయాను. "ఎంత అడిగారండీ?" అంటే ఇంకా జోరుగా నడిచారు. ఇల్లు చేరి చెప్పులు విడిచాక అన్నారు:

"ఆయనకి మన లెక్కలు ఎక్కడ తెలుసే! పాట మొదలెట్టడానికి సీసం చుక్క మీద నేను ఎలా నొక్కుతానో, అలా నా వేలి కొసన ఒక్కసారి నొక్కి వదిలేశారు."

"అంటే?"

"నడవమని. రోజూ నడుస్తూ ఉండమని. అంతే అడిగారు, వరలక్ష్మీ."

మర్నాడు నేను లేచేసరికే ఆయన పడక ఖాళీ. గుమ్మం దగ్గర బూట్లు లేవు.