దొర తొట్టి, పెద్దమ్మ పులుసు

ఆ రోజుల్లో, అంటే మెట్రోలో సీటు దొరికితే దాన్నే ప్రమోషన్ అనుకుని మురిసిపోయే రోజుల్లో, నేను పంజాగుట్టలో కొత్తగా ఉద్యోగంలో చేరి, అమీర్‌పేటలో ఒక అంకుల్ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆ ఇంట్లో ఉండేది అంకుల్, నేను, హాల్లోని గాజుతొట్టిలో ఒక చేప. దాని పేరు దొర. జానెడు పొడవు, పాములాంటి ఒళ్లు, మొనదేలిన ముక్కు. పగలంతా అడుగున ఇసుకలో కూరుకుపోయి ముక్కు మాత్రం బయటపెట్టేది. ఎవరైనా వస్తే అంకుల్ ఆ ఇసుకనే చూపించి "లోపలున్నడు, పండుకున్నడు" అని గర్వంగా చెప్పేవారు. (నేను పక్కన నిలబడి సాక్షిలా తలూపేవాణ్ని.) దుకాణంవాడు ఏదో ఫారిన్ చేప అన్నాడట. మేమిద్దరం దానికి ఆ మర్యాదే ఇచ్చాం.

ఒక జూన్‌లో అంకుల్ చుట్టాల పెళ్లికి బయలుదేరుతూ నా చెయ్యి పట్టుకున్నారు. "ఇల్లు ఎట్లున్నా ఫికర్ లేదు తమ్మీ. దొర పైలం. మీ ఆంటీ పోయినంక ఇంట్ల నాకు మాట్లాడెతందుకు గాడే ఉన్నడు." ప్రాణంలా చూసుకుంటానని మాటిచ్చాను.

మర్నాడే గోదావరి వైపు నుంచి మా పెద్దమ్మ, ఆసుపత్రిలో మోకాలు చూపించుకోవడానికి దిగింది. నేను మేత వేయగానే దొర ఇసుక దులుపుకుని నిండుగా దర్శనమిచ్చాడు. పెద్దమ్మ కళ్లజోడు సవరించుకుంది. "ఓరి నీ దుంప తెగ! బొమ్మిడాయిని గాజుపెట్టెలో పెట్టి మేపుతున్నారేంట్రా!" అంది. నేను నిర్ఘాంతపోయాను. బొమ్మిడాయిల పులుసు లొట్టలేసుకుంటూ తిని పెరిగినవాణ్ని. కానీ నాకు బొమ్మిడాయితో పరిచయం కంచంలో ముక్కగానే, దాని ముఖం ఎప్పుడు చూశాను కనుక? (చింతపండు రసం లేకుండా ఎదురైతే ఎలా గుర్తుపట్టను?) అంకుల్‌కి ఈ సంగతి చెప్పకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఆ తర్వాతి రోజు మృగశిర కార్తె. ఆ రోజు చేప తినాలని హైదరాబాద్‌లో గట్టి పట్టింపు. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే వీధి మలుపులోనే పులుసు వాసన తగిలింది. ఎందుకో దొర గుర్తొచ్చి అడుగు వేగం పెంచాను. తలుపు తోసి తొట్టి వైపు చూశాను. నీళ్లున్నాయి, ఇసుక ఉంది, ముక్కు లేదు. అంతకంటే ఘోరం, పెళ్లి నుంచి ముందే తిరిగొచ్చేసిన అంకుల్ కంచం ముందు కూర్చుని ముద్ద కలుపుతున్నారు.

"రా తమ్మీ! మీ పెద్దమ్మ బొమ్మిడాయిల పులుసు మస్తు చేసింది."

"దొరను వండేశావా పెద్దమ్మా!" అని అరిచేశాను. అది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది.

అంకుల్ చేతిలో ముద్ద గాల్లోనే ఆగిపోయింది. పెద్దమ్మ గరిటెతో నా మీదికొచ్చింది. "మతి ఉందా నీకు? మోకాలు నొప్పెడుతుంటే ఎర్రగడ్డ మార్కెట్టు దాకా పోయి తెచ్చాను. ఆ ఒక్కదాంతో పులుసేం అవుతుందిరా? చింతపండు దండగ!"

జాలిపడి కాదు, లెక్క చూసి వదిలేసిందన్నమాట. అంకుల్ ఆ మాట వినే స్థితిలో లేరు. ఎంగిలి చేత్తోనే లేచి వెళ్లి, ఎడమచేత్తో గాజు మీద తట్టారు. "దొరా... ఓ దొరా..." ఏ కదలికా లేదు. నేను దేవుళ్లందరికీ ఒకేసారి మొక్కాను. ఇసుక మెల్లగా పగిలింది. ముక్కు బయటికొచ్చింది. అంకుల్ అక్కడే నేల మీద చతికిలబడి కళ్లు తుడుచుకున్నారు.

అప్పుడు తొట్టి వైపు చూశారు, కంచం వైపు చూశారు. ముఖం పాలిపోయింది. "అంటే అక్కా... గిది మన దొర చుట్టమా?"

"చుట్టమేంటి అన్నయ్యగారూ, ఒకటే జాతి!"

నేను వేరే గది ఎక్కడ వెతుక్కోవాలా అని ఆలోచించాను. చివరికి ఆయన నెమ్మదిగా, "గా తువ్వాల జర ఇటియ్యుండ్రి అక్కా" అన్నారు. దాన్ని తొట్టికి నిండుగా కప్పి, "గాడు చూస్తె మంచిగుండదు" అని మళ్లీ కంచం ముందు కూర్చున్నారు. రెండోసారి పులుసు అడిగి మరీ వేయించుకున్నారు. నేనూ తక్కువ తినలేదు.

తర్వాత కొన్నాళ్లకు అంకుల్ కూతురింటికి మారిపోతూ దొరను నాకప్పగించారు, తొట్టితో, తువ్వాలతో సహా. ఇప్పటికీ మృగశిర కార్తె రోజు నేను పులుసు పెట్టుకుని, తొట్టికి ఆ తువ్వాల కప్పి కంచం ముందు కూర్చుంటాను. కూర్చున్నాక ఆనాటి సాయంత్రం గుర్తొచ్చి, మళ్లీ లేచి, తువ్వాల ఒక మూల ఎత్తి చూస్తాను. ముక్కు కనబడ్డాకే మొదటి ముద్ద.