పటిక నీళ్లతో రాసిన గుడ్డ

మా మేనత్త పోయిందన్న కబురు ప్రొద్దుటూరులో నేను అంగడి తలుపులు తీస్తున్నప్పుడు వచ్చింది. ఫోన్ చేసింది ఆమె కూతురు, నాకు మరదలు. తల్లిని చూసిపోదామని ముందురోజే పులివెందుల నుంచి జమ్మలమడుగు వచ్చిందట. "బావా, అమ్మ పోయింది. పొద్దున లేపితే లేయలేదు. ఉన్నపాటున రా" అని కాసేపు ఏడ్చింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు గొంతు తగ్గించి, "దండెం మీద గుడ్డ ఉండాది బావా. అమ్మ రాసి ఆరేసిన గుడ్డ. ఎవురన్నా ముట్టుకుంటారేమోనని భయంగా ఉండాది" అంది.

నేను పోయేసరికి ఆ భయం నిజం కాబోతోంది. అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. పైన కప్పడానికి తెల్లగుడ్డ కోసం వెతుకుతూ బంధువులలో ఒక పెద్దామె దండెం దగ్గరికి పోయింది. మరదలు ఒక్క పరుగున వెళ్లి అడ్డం నిలబడింది.

"అది వట్టి గుడ్డ కాదు పెద్దమ్మా. అమ్మ రాసింది."

"ఏం రాసిందే? ఏమీ లేదు గదా దాంట్లో!"

"ఉండాది. మనకు కనపడదు, అంతే."

దుఃఖంలో పిల్ల మతి చలించిందేమోనని అందరూ జాలిగా చూశారు. నేను చేతులు పంచెకు బాగా తుడుచుకుని, గుడ్డను అంచులు పట్టుకుని దించి, మడత పెట్టి లోపల గూట్లో ఉంచాను. అత్తకు కప్పడానికి వేరే గుడ్డ తెప్పించాం. ఆ గుడ్డలో ఏముందో ఆ వాకిట్లో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. తెలిసిన మనిషి మా ముందే కళ్లు మూసుకుని ఉంది.

ఇదంతా మీకు వింతగా తోచవచ్చు. అందుకని మా అత్త చేసే పనేమిటో ముందు చెప్పాలి. ఆమె చిరివేరుతో గుడ్డలకు ఎరుపు ఎక్కించేది. వాళ్ల అత్తగారి దగ్గర నేర్చుకుంది. పెన్నా ఒడ్డు ఇసకలో బెత్తెడు ఎత్తు కూడా పెరగని మొక్క చిరివేరు. సన్నటి ఆకులు, కంటికి ఆనీ ఆననట్టుండే తెల్లటి పూలు. మేకలు కూడా దాన్ని పెద్దగా లెక్కచేయవు. మందుల అంగళ్లలో ముఖవర్చస్సుకని అమ్మే మంజిష్ఠ ఉంది చూడండి, దానికి దగ్గరి చుట్టం. చెట్టు మీద ఎరుపన్నది ఎక్కడా ఉండదు. ఉన్నదంతా వేరులోనే. ఆ వేరు కూడా దారపు పోగులా సన్నగా, పసుపు కలిసిన మట్టిరంగులో ఉంటుంది. చేతిలో పెడితే చెత్త అని పారేస్తారు. ఇంత చిన్న మొక్క భూమిలోకి చెయ్యి చాచి అంతటి రంగు ఎక్కడి నుంచి తెచ్చుకుంటుందో ఇన్నేళ్లయినా నాకు అంతు చిక్కలేదు.

నేను చీరలమ్మేవాణ్ణి. రంగులు నాకు కొత్త కాదు. అంగడి పెట్టిన కొత్తలో అత్తను పిలిచి, గొప్పగా ఒక ఎర్ర పట్టుచీర పరిచి చూపించాను. ఆమె చూపుడువేలు నాలుక మీద అద్దుకుని, చీర కొంగు మీద కసాకసా రుద్ది, వేలు నా ముక్కు ముందు పెట్టింది. వేలు ఎర్రగా ఉంది. బేరానికొచ్చిన ఆడవాళ్లు నలుగురూ చూస్తున్నారు.

"ఇది ఎరుపు గాదు అల్లుడా. ఎరుపు యేషం ఏసుకోనుండాది."

ఆ ఆడవాళ్లు ఎటు పోయారో మళ్లీ కనపడలేదు. ఆ తర్వాత అత్త అంగడికి వస్తే ముందు ఆమె చేతిలో కాఫీ గ్లాసు పెట్టేవాణ్ణి. వేలు ఖాళీగా ఉండకూడదని.

ఆ కోపంతోనే, చూద్దాం ఈమెగారి ఎరుపేందో అని ఒకసారి జమ్మలమడుగు పోయాను. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డ చాప మీద పరిచి ఉంది. అత్త వెదురు కలం పట్టుకుని కూర్చుంది. కలానికి చుట్టిన ఉన్నిని ఒక గిన్నెలో ముంచుతోంది. గిన్నెలో ఉన్నది పటిక కరిగించిన నీళ్లు. రంగు లేదు, ఏమీ లేదు. ఆ నీళ్లతో ఆమె తీగ గీస్తోంది, పూలు పెడుతోంది. తడి ఉన్నంతసేపు గీత కొంచెం మెరుస్తుంది. ఆరగానే మాయం. పక్కన ఇంకో పువ్వు వేయాలంటే మొదటిది ఎక్కడ ఉందో ఆమె తలలోనే ఉండాలి. కనపడటానికి గిన్నెలో కాస్త రంగేదన్నా కలుపుకోవచ్చు గదా అన్నాను.

"నాకు కనపడాల్సిన పని లేదు రా. వేరుకు కనపడితే చాలు."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. మర్నాడు పెన్నాలో గుడ్డ జాడించి, రోట్లో దంచిన చిరివేరు వేసిన రాగి గంగాళంలోకి దించింది. కింద సర్కారు తుమ్మ కంప మంట. నీళ్లు బురదలాగే ఉన్నాయి. చెయ్యి పట్టేంత వేడి నుంచి మరిగేదాకా మెల్లగా తీసుకుపోతూ, కర్రతో గుడ్డను తిప్పుతూనే ఉంది. నేను విసుగుపుట్టి లేవబోతుంటే కర్రతో గుడ్డను పైకెత్తింది. ఎక్కడెక్కడ పటిక తగిలిందో అక్కడల్లా, అంతకు అంత, ఎర్రటి తీగ. ఎర్రటి పూలు. తగలని చోట ఆ బురదరంగే. గుడ్డ మీద లేని బొమ్మను ఆ వేరు వెతుక్కుని మరీ పట్టుకుంది. చీరలమ్మేవాడినని పొగరుగా పోయిన నేను గంగాళం ముందు ఊరికే చేతులు జోడించాను. అత్త పగలబడి నవ్వింది. "నాకు గాదు, దానికి పెట్టు" అని పొయ్యి పక్కన మిగిలిన వేళ్లను చూపించింది.

పటిక గిన్నె దగ్గర ఆమెకు ఒక్కటే చట్టం. తడివేలు గుడ్డకు తగలకూడదు. పటిక అంటిన వేలు పడిందంటే అక్కడా ఎరుపు పండుతుంది. గుడ్డ చిరిగేదాకా పోదు. మరదలు చిన్నప్పుడు ఈ విషయంలో ఎన్ని దెబ్బలు తినిందో ఆమే చెప్పేది. ప్రతి శ్రావణమాసం అత్త ఒక గుడ్డ గండి ఆంజనేయస్వామికి మొక్కుబడిగా తీసుకుపోయేది. దాని మీద ఎవరి వేలి గుర్తు పడినా అది ఇక గండికి పోదు. "దేవునికి పోనిది మన బిడ్డలకు" అనేది. మరదలి పిల్లలు పడుకున్న ఊయల గుడ్డలన్నీ అలా వేళ్లు పడి ఆగిపోయినవే. ఆ పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు, ఆ గుడ్డల ఎరుపు మాత్రం అలాగే ఉంది.

ఆమె తప్పు చేయదని నేనంటే మీరు నమ్మకండి. చేసింది, అదీ భక్తితోనే. జమ్మలమడుగులో మా అందరిళ్లలో తాగేది క్యాన్ నీళ్లే. బోరు నీళ్లు కాస్తే గిన్నెకు తెల్లగా సున్నం పడుతుంది, పప్పు ఉడకదు. ఒక ఏడాది అత్తకు ఏం తోచిందో, మనుషులం మంచినీళ్లు తాగుతూ స్వామి గుడ్డను ఈ సున్నపు నీళ్లలో ఉడికించడమేందని, ఫిల్టర్ నీళ్ల క్యాన్లు తెప్పించి గంగాళం నింపింది. ఎంత కంప మండినా ఎరుపు రాలేదు. ఇటుకపొడి చల్లినట్టు వెలాతెలా పోయింది. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. అత్త గుడ్డను చూసి, గంగాళాన్ని చూసి, ఖాళీ క్యాన్లను చూసి నెత్తి కొట్టుకుంది.

"సున్నమే గదరా దీని తిండి! నా చేత్తో నేనే పస్తు పెట్టినా దాన్ని."

తర్వాత నవ్వు మొదలుపెట్టి, ఆపలేక దగ్గు తెచ్చుకుంది. మళ్లీ ఎప్పుడూ ఆ పని చేయలేదు. పెన్నాలో ఇసక తోడి చెలమ తీసి, ఊరిన నీటిని దోసిట పట్టి నాలుకకు తగిలించుకుని, "తాగే నీళ్లు వేరు, పండే నీళ్లు వేరు" అనుకుంటూ బిందె ముంచేది. గిన్నెకు తెల్లగా పట్టే నీళ్లే నా నీళ్లు అనేది.

చిరివేరు దొరకడం తగ్గిపోయింది. లారీలకెక్కి ఇసక పోయింది, ఇసకతో పాటు అదీ పోయింది. గొర్రెలు మేపే మామ ఒకాయన లింగాల వైపు నుంచి ఏటి గట్లు తిరుగుతూ కనపడిన చోటల్లా తవ్వి టవల్లో మూటగట్టి తెచ్చిచ్చేవాడు. "అక్కా, నా గొర్రెల కంట్లో కూడా పడట్లేదు ఇంక" అనేవాడు ప్రతిసారీ. నేను ప్రొద్దుటూరు నుంచి మంజిష్ఠ తీసుకుపోతే అత్త వాసన చూసి, "ఇది మన ఇంటిపేరుదే గానీ మన ఇంట్లో పుట్టింది గాదు" అని, నా మనసు నొప్పించడం ఇష్టం లేక దాంతో ఒక చేతిగుడ్డ అద్దిచ్చింది. దాని ఎరుపు కూడా బాగుంటుంది. ఇప్పటికీ నా జేబులో ఉంది.

చివరి ఏళ్లలో షుగర్ ఆమె కళ్లను తినేసింది. డాక్టర్లు ఇంక ఏమీ చేయలేమన్నారు. మనిషి ఎదురుగా నిలబడితే నీడలా తెలిసేది, అంతే. పని మానేస్తుందని అందరం అనుకున్నాం. పోయిన ఎండాకాలం నేను పోయేసరికి చాప మీద గుడ్డ పరిచి, కలం పట్టుకుని కూర్చుని ఉంది.

"ఏం చేస్తాండావు అత్తా? కనపడకుండా ఎట్లా రాస్తావు?"

"కండ్లుండంగ మాత్రం యాడ కనపడింది రా ఇది? అప్పుడూ కనపడలే, ఇప్పుడూ కనపడలే. నాకేం తేడా?"

ఆమె జీవితమంతా కనపడని గీతలే గీసింది. చూపు పోయినా పని ఆగలేదంటే, ఆ పని ఆమె చూపు మీద ఎప్పుడూ ఆధారపడనే లేదు. అప్పటిదాకా నాకు ఆ వేరంటే అబ్బురం. ఆ రోజు నుంచి మా అత్తంటే అబ్బురం.

"గండికేనా ఈ గుడ్డ?" అన్నాను.

"చూద్దాంలే" అంది. ఎప్పుడూ వెంటనే అవుననేది.

కొంచెం కొంచెంగా రాసుకుంటూ వచ్చిన ఆ గుడ్డే దండెం మీద ఉండిపోయింది.

దినాలు అయ్యాక మరదలూ నేనూ కూర్చున్నాం. ఉడికిస్తే అమ్మ ఏం రాసిందో తెలుస్తుంది. ఉడికించడంలో తప్పు పడిందంటే ఇక ఎప్పటికీ తెలియదు. సంచిలో మిగిలిన చిరివేరు ఒక్క గంగాళానికే వస్తుంది. తల్లి పక్కన నిలబడి కంప ఎగదోసిందే తప్ప మరదలు ఒంటరిగా ఎన్నడూ గుడ్డ దించలేదు. "అట్లే పెట్టుకుందాం బావా. రాసింది ఉండాదని తెల్సు, చాలదా?" అంది. కాసేపటికి తనే మళ్లీ, "చాలదు" అంది.

పెన్నాలో చెలమ తీశాం. మరదలు దోసిట పట్టి నాలుకకు తగిలించుకుంది. నాకూ ఇచ్చింది. మా ఇద్దరి నాలుకలకూ అవి వట్టి నీళ్లే. చివరికి కాసిని నీళ్లు గిన్నెలో కాచి, అడుగున తెల్లగా పట్టేదాకా చూసి, అప్పుడు బిందెలు నింపాం. గుడ్డను సన్నగా పారుతున్న నీటిలో జాడించాం. గంగాళం కింద మంట పెట్టింది మొదలు మరదలు కర్ర నాకివ్వలేదు. చెమట కళ్లలోకి కారుతుంటే భుజంతో తుడుచుకుంటూ తిప్పుతూనే ఉంది. చాలాసేపు ఏమీ లేదు. బురద నీళ్లు, బురద గుడ్డ. నాకు భయం మొదలైంది.

అప్పుడు కర్రతో ఎత్తింది.

ముందు అంచున తీగ కనిపించింది. అదే ఎరుపు, అత్త ఎరుపు. తీగ వెంట పూలు. ఒక పువ్వు మీద ఇంకోటి పడలేదు. వరస ఎక్కడా తప్పలేదు. దండెం మీద వేసి నీళ్లు కారుతుండగా దగ్గరికి పోయి చూశాం. పువ్వుకూ పువ్వుకూ మధ్య చిన్నచిన్న ఎర్రటి మచ్చలున్నాయి. మొదట పటిక చిందిందేమో అనుకున్నాను. మూడేసి మచ్చలు, పక్కపక్కన, పొడవునా. మరదలు ముందే గుర్తుపట్టింది.

"అమ్మ వేళ్లు."

కుడిచేత్తో రాస్తూ, వేసిన పువ్వు ఎక్కడ అయిపోయిందో ఎడమచేతి వేళ్లతో తడిమి చూసుకుని, అక్కడి నుంచి తర్వాతి పువ్వు మొదలుపెట్టింది. ఆ తడి వేళ్లు పడిన చోటల్లా ఎరుపు పండింది. గుడ్డ ఈ చివర నుంచి ఆ చివరిదాకా మా అత్త చీకట్లో నడిచిన దారి అంతా ఉంది. బతికినన్నాళ్లూ ఒక్క వేలు పడనివ్వని మనిషి.

"అమ్మకు తెలీకుండా ఉంటాదా బావా? తెల్సే పెట్టింది" అంది మరదలు. ఎండాకాలంలో అత్త అన్న 'చూద్దాంలే' నా చెవిలో వినపడింది.

"వేలు పడిన గుడ్డ గండికి పోదు గదా" అంది మళ్లీ మెల్లగా. పోదన్నాను. దేవునికి పోనిది ఎవరికో అత్త ఎప్పుడో చెప్పింది.

గాలికి గుడ్డ ఊగుతోంది. మరదలు తన ఎడమచేతి మూడు వేళ్లూ మొదటి పువ్వు పక్కనున్న గుర్తుల మీద ఆనించింది. తీసి, రెండో పువ్వు పక్కన ఆనించింది. అలా తల్లి వేళ్ల మీద తన వేళ్లు పెట్టుకుంటూ, కళ్లు మూసుకుని, దండెం వెంట మెల్లగా ఆ చివరికి నడుచుకుంటూ పోయింది.