పధ్నాలుగో నంబరు గది ఖాళీగా లేదు

పధ్నాలుగో నంబరు గదిలో చెవి మిషన్లు బాగుచేసే ఒక మహిళను, ఆమె ఆ గదిలో కూర్చుని పని చేసుకుంటుండగానే, అక్కడ ఎవరూ లేరని తేల్చి గది ఖాళీ చేయమన్నారు. ఆ దుకాణాల సముదాయపు భవన సంఘం ఇచ్చిన నోటీసులో కారణం ఒకే వాక్యంలో ఉంది: ఆన్‌లైన్ మ్యాపులో ఈ దుకాణం ‘శాశ్వతంగా మూసివేయబడింది’ అని ఉన్నందున, అరవై రోజులు మూతబడిన గది సంఘానికి దఖలు పడుతుందన్న ఒప్పంద నిబంధన ప్రకారం, నెలాఖరున గదిని స్వాధీనం చేసుకుంటాం.

ఆ కాగితం తలుపుకు అంటించడానికి వచ్చిన అటెండరు లోపలికి తొంగిచూశాడు.

“అక్కా, కాస్త జిగురుంటే ఇస్తావా? నాది ఎండిపోయింది.”

ఆమె ఇచ్చింది. అతను అంటించాడు, ఆ తరువాత చదివాడు, నాలిక కరుచుకున్నాడు.

“ఇందులో నువ్వు లేవని రాసుందక్కా.”

“మరి జిగురు ఎవరిచ్చారో కూడా కింద రాసిపో.”

ఆమెను అందరూ చెవులక్క అంటారు. మామగారి రేడియో దుకాణంలో తీగలు అతకడం నేర్చుకుంది. ఆయనకు వినికిడి తగ్గినప్పుడు, పనిచేయని ఆయన చెవి మిషనే ఆమె విప్పిన మొదటి మిషను. ఆ తరువాత పందొమ్మిదేళ్లుగా ఈ గదే ఆమె లోకం. మెట్ల పక్కన, ఇద్దరు కూర్చుంటే మూడోవారు నిలబడాల్సినంత గది. ఒక బల్ల, మెడ వంచిన దీపం, భూతద్దం, వెంట్రుకంత సన్నని కుంచెలు, సొరుగు నిండా రబ్బరు గొట్టాలు. పెద్ద దుకాణాలు ‘ఇది పోయింది, కొత్తది కొనండి’ అని తిప్పి పంపిన మిషన్లు ఆమె బల్ల మీదికి వస్తాయి. “ముందు గులిమి తీద్దాం, పోయిందో లేదో తరవాత చూద్దాం” అంటుందామె. వాటిలో సగం గులిమి తీయగానే లేచి కూర్చుంటాయి.

ఆ గదికి ఒకే ఒక్క చట్టం ఉంది: గుమ్మం దగ్గరే ఫోను ఆపేయాలి. పాత మిషన్లను పరీక్షించేటప్పుడు పక్కన ఫోను ఉంటే చెవిలో గుర్రుమంటుంది. అసలు లోపం ఏదో, ఫోను గోల ఏదో తెలియదు. అందుకే ఎంతటివారైనా ఫోను ఆపి, సంచిలో వేసి, అప్పుడు లోపల అడుగుపెడతారు.

నోటీసు చేతపట్టుకుని ఆమె సంఘం కార్యదర్శి దగ్గరికి వెళ్లింది.

“సార్, దుకాణం తెరిచే ఉంది. నేను తెరిచిన మనిషిని.”

“మీరు కనబడుతున్నారమ్మా, కాదనడం లేదు. కానీ రికార్డులో లేరు కదా,” అంటూ ఆయన తన ఫోను తిప్పి చూపించాడు. తెర మీద ఎర్రని అక్షరాలున్నాయి.

“అది రాసినవాళ్లు ఎప్పుడైనా నా గుమ్మం ఎక్కారా సార్?”

“అంత పెద్ద సంస్థ ఊరికే రాస్తుందా?”

కళ్లెదుట నిలబడిన మనిషి కంటే, ఎవరు ఏ ఆధారంతో రాశారో తెలియని రెండు మాటలకు ఎక్కువ విలువనిచ్చిన ఈ పద్ధతికి ఏ సాక్ష్య చట్టంలోనూ చోటు లేదు.

చిక్కుముడి విప్పింది ఆమె ఆడపడుచు. స్కూటరు మీద పార్సిళ్లు చేరవేసే ఆవిడకు మ్యాపే అన్నం పెడుతుంది. దాని గుణమూ తెలుసు, దాని గారడీలూ తెలుసు. మధ్యాహ్నం క్యారేజీ అందించడానికి వచ్చి, గుమ్మంలో అలవాటుగా ఫోను ఆపబోయి, చెయ్యి అలాగే ఉంచి నవ్వడం మొదలుపెట్టింది.

“నవ్వులేంటే? నా కొంప మునుగుతుంటే!”

“మ్యాపు మనుషుల్ని లెక్కపెట్టదు వదినా, ఫోన్లని లెక్కపెడుతుంది. నీ గుమ్మం దాకా వచ్చిన ప్రతి ఫోనూ ఠక్కున ఆరిపోతోంది. దాని లెక్కలో ఏళ్ల తరబడి జనం నీ గుమ్మంలో మాయమైపోతున్నారు!”

“అలాగైతే పోలీసులు రావాలి గానీ కార్యదర్శి నోటీసు వచ్చిందేంటి?”

ఆడపడుచు ఇంకొంచెం తవ్వింది. వీధిన పోయేవాళ్లను మ్యాపు ‘ఈ దుకాణం తెరిచి ఉందా?’ అని అడుగుతుంది. ముగ్గురు ‘లేదు’ అని నొక్కారు. తేదీలు చూస్తే, ముగ్గురూ నొక్కింది సోమవారాలే. సోమవారం చెవులక్కకు సెలవు. సాక్ష్యం మొత్తం అంతే: ఆరిపోయిన ఫోన్లు, మూడు సెలవు రోజులు.

విరుగుడు సులభమే. ఫోన్లు వెలిగించుకుని జనం వచ్చి, అక్కడే నిలబడి, ‘ఉంది’ అని నొక్కాలి. చెవులక్క దగ్గర రెండు మిషన్లు బాగుచేయించుకున్న రిటైర్డ్ లెక్కల టీచరు ఆ బాధ్యత మీద వేసుకుంది. గురువారం పది గంటలకు ముప్పై ఒక్క మంది వచ్చారు. కర్రలతో కొందరు, మనవళ్ల ఫోన్లు అరువు తెచ్చుకుని కొందరు. గుమ్మం దాకా వరసగా నడిచారు. గుమ్మం దగ్గర, ముప్పై ఒక్క మందీ, పద్ధతిగా ఫోన్లు ఆపేశారు.

“అయ్యో రామా, ఆపడానికా పిలిచింది!” టీచరు నెత్తి కొట్టుకుంది. “మీరందరూ నా క్లాసులో ఉంటే బెంచీ ఎక్కించేదాన్ని!”

“ఆపకపోతే మా అమ్మాయి తిడుతుందండీ,” అన్నాడొక పెద్దాయన, చెవులక్కను చూపిస్తూ.

“ఇవాళ తిట్టను బాబాయ్, వెలిగించండి,” అంది చెవులక్క.

ఫోన్లు వెలిగాయి. చెవుల్లో మిషన్లు ఒక్కసారిగా గుర్రుమన్నాయి. అందరూ మిషన్లు పీకి చేతిలో పట్టుకున్నారు. దాంతో ఎవరి మాటా ఎవరికీ వినబడక, వసారా అంతా కేకలు. చివరికి టీచరు పాత క్యాలెండరు కాగితం వెనక పెద్ద అక్షరాలతో ‘ఉంది అని నొక్కండి’ అని రాసి, రెండు చేతులతో పైకెత్తింది. నొక్కడం అయిపోయినా చాలామంది వెళ్లలేదు. ఎలాగూ వచ్చాం కదా అని మిషన్లలో గులిమి తీయించుకున్నారు.

మూడో రోజుకు మ్యాపులో ఎర్ర అక్షరాలు పోయాయి. ‘తెరిచి ఉంది’ అని వచ్చింది. కార్యదర్శి స్వయంగా గది దాకా వచ్చాడు.

“శుభం! మొత్తానికి తెరిచారన్నమాట.”

“నిన్న మూస్తే కదండీ ఇవాళ తెరవడానికి! ఆ నోటీసు రద్దయిందని ఒక ముక్క రాసిస్తారా?”

“రాతలెందుకమ్మా, నా మాట లేదూ?”

ఆయన మాట ఉంది. తలుపు మీద నోటీసూ ఉంది. రేపు మరో ముగ్గురు మరో సోమవారం ‘లేదు’ అని నొక్కితే, ఈ రెండింటిలో నిలిచేది నోటీసే. చెవులక్క పని మానలేదు, నవ్వు మానలేదు. ఊరుకునే హక్కు మాత్రం, ఆమె బాగుచేసిన మిషన్లతో వింటున్న మాకు లేదు.

భవన సంఘం కార్యదర్శిగారూ, ఈ గది మీ ఆఫీసుకు నలభై అడుగుల దూరంలో ఉంది. నడిచి వచ్చి చూశారు కూడా; చూసినది నమోదు చేసి, నోటీసును సంతకంతో రద్దు చేయండి. మ్యాపు నడిపే సంస్థవారూ, ఏ దుకాణాన్నయినా మూతబడిందని ప్రకటించే ముందు దాని యజమానికి తెలియజేయండి, మీ దగ్గరున్న ఆధారం ఏమిటో చూపించండి, జవాబుకు గడువివ్వండి, తప్పయితే సరిదిద్దే మనిషి పేరు, చిరునామా ఇవ్వండి. వృద్ధులను వరసలో నిలబెట్టి, తెరిచి ఉన్న దుకాణం తెరిచే ఉందని రుజువు చేయమనే అధికారం మీకెవరూ ఇవ్వలేదు. నెలాఖరుకు తొమ్మిది రోజులున్నాయి. ఆలోపు రెండు జవాబులూ రాతపూర్వకంగా మాకు అందాలి.