స్లైడరు పక్కన బొట్టుబిళ్ళ

రౌస్ హిల్‌లో మా ఇంటి గరాజ్‌లో కారుకి చోటు లేదు. అక్కడ నా టర్న్‌టేబుళ్ళు ఉంటాయి. కారు వానకు తడుస్తుంది, ఎండకు ఎండుతుంది, దానికి అలవాటైపోయింది. నేను కొనేవన్నీ పాత డైరెక్ట్ డ్రైవ్ రకం. అంటే రికార్డు పెట్టే పళ్ళేన్ని తిప్పడానికి బెల్టు ఉండదు, మోటారే పళ్ళెం కింద కూర్చుని తిన్నగా తిప్పుతుంది. ఒకప్పుడు జపాన్‌లో రేడియో స్టేషన్ల కోసం చేసినవి. వయసులో నాకంటే పెద్దవి, నాకంటే నిలకడైనవి. ఈ మాట మా ఆవిడది.

బ్లాక్‌టౌన్‌లో ఒకాయన అలాంటిది అమ్ముతున్నారని ప్రకటన చూసి వెళ్ళాం. డెబ్బై దాటిన మనిషి, ఫిజీ నుంచి వచ్చిన తెలుగువారు. ముత్తాతల కాలంలో చెరుకు తోటలకు వెళ్ళిన కుటుంబం. ఇంట్లో మిగిలిన తెలుగుకి హిందీ, ఇంగ్లీషు అతుకులు వేసి మాట్లాడతారు. నేను టార్చి వేసి పళ్ళెం ఎత్తి చూశాను, మోటారు చూశాను, వెనక్కి తిప్పి వైర్లు చూశాను. పెళ్ళిచూపుల్లో తనని ఇందులో పదో వంతు కూడా చూడలేదని మా ఆవిడ ఆయనకు ఫిర్యాదు చేసింది.

భార్య పోయాక ఆయన కూతురింటి వెనక పెద్దవాళ్ళ కోసం పెరట్లో కట్టే చిన్న ఇంట్లోకి, గ్రానీ ఫ్లాట్‌లోకి మారుతున్నారు. అక్కడ మనవలు చేతికందిందల్లా పీకుతారట. అందుకే అమ్మకం, దానికో షరతు. ఫిజీలో వాళ్ళ భజన బృందం వేయించుకున్న చిన్న రికార్డు ఒకటుంది, పాడింది ఆయన భార్య. ఆ రికార్డు ఆయన దగ్గరే ఉంటుంది. ఏటా ఆమె తిథి నాడు మా ఇంటికి వచ్చి, ఈ మిషన్ మీదే వింటారు. అల్లుడు ఎప్పుడో పాటని ఫోన్‌లోకి ఎక్కించి ఇచ్చాడు గాని, అది పనికిరాదన్నారు.

"ఫోన్‌లో ఆమె పరిగెడుతుంది బాబూ. దీంట్లో నడుస్తుంది."

నేను దాన్ని మోటారుకి దక్కిన మెప్పుగా తీసుకున్నాను. దారి పొడవునా మా ఆవిడకి ఆ మోటారు గొప్పతనం వివరించాను. ఆమె ఊఁ కొడుతూ ఫోన్ చూసుకుంది.

ఇంటికి తెచ్చాక వైభవంగా శుభ్రం చేశాను. స్విచ్‌లలో స్ప్రే కొట్టాను, ఇరుసులో ఒక చుక్క నూనె వేశాను, మూత మీది గీతలు పోయేదాకా పాలిష్ పట్టాను. కుడివైపున వేగాన్ని కాస్త పెంచడానికీ తగ్గించడానికీ ఒక స్లైడరు ఉంది. డీజేలకు పనికొచ్చేది. నాలాంటి వాళ్ళం దాన్ని నడిమధ్యన పెట్టి మరచిపోతాం. దాని పక్కన, వేగం తగ్గించే వైపు, ఎర్ర బొట్టుబిళ్ళ ఒకటి అంటుకుని ఉంది. మన ఇళ్ళలో బొట్టుబిళ్ళ ఉండని చోటేది? బాత్రూం అద్దం మీద ఉంటుంది, ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది, కార్లో ఎండ తగలకుండా దించుకునే రేకు మీదా ఉంటుంది. మొహం కడుక్కుంటూ తీసి ఎక్కడో అంటిస్తారు, మర్నాడు కొత్తది పెట్టుకుంటారు. గుడ్డకి యూకలిప్టస్ నూనె రాసి రుద్దాను. జిగురుతో సహా వచ్చేసింది. ఎంతో తృప్తిగా అనిపించింది.

తిథి నాడు ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, సంచిలో రికార్డు పెట్టుకుని వచ్చారు. గరాజ్‌లో కుర్చీ వేశాం. రికార్డు పెట్టారు, చెయ్యి స్లైడరు మీదకి వెళ్ళి అక్కడే ఆగింది. కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూశారు. బొట్టు ఏదని అడిగారు. తీసేశానని చెప్పాను. యూకలిప్టస్ నూనె సంగతి కూడా చెప్పాను, ఎందుకో.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. రికార్డు చేసిన రోజు, ఒక వైపు ఇంతసేపే పడుతుందని స్టూడియో వాళ్ళు తొందరపెట్టారట. ఆమె ఎప్పుడూ పాడేదానికంటే వేగంగా పాడేసి, ఆ పాట వినపడినప్పుడల్లా నొచ్చుకునేదట. ఈ మిషన్ కొన్నాక స్లైడరుని కొద్దికొద్దిగా జరిపి, తన పాట తనదిగా వినిపించిన చోట ఆగి, నుదుటి బొట్టు తీసి అక్కడ అంటించిందట. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన పాట పెట్టి స్లైడరు జరిపారు. ఒకచోట గొంతు మరీ బరువెక్కింది. ఇంకోచోట ఫోన్‌లోలాగే పరుగు. పాట అయిపోయింది, ముల్లు మళ్ళీ మొదటికి పెట్టాను. ఏ వేగం ఆమెదో ఆయనకు తేలడం లేదు. మొహం చిన్నబోతోంది. కాఫీ తెచ్చిన మా ఆవిడ, అంకుల్ కూడా ఆ బృందంలో ఉండేవారా అని అడిగింది. తాళం వేసేవాణ్ణన్నారు. అయితే ఆంటీకి వేసినట్టే వెయ్యమని, స్లైడరు జరిపే పని నాకు అప్పగించింది.

ఆయన కళ్ళు మూసుకుని చేతులతో తాళం మొదలుపెట్టారు. నేను ఆ చేతుల వెంట స్లైడరుని జరుపుకుంటూ పోయాను. ఒకచోట పాటా తాళమూ కలిసిపోయాయి. ఆయన పెదవులు కదిలాయి. ఆమె ఏ తొందరా లేకుండా పాడుతోంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే కిటికీ వెలుతురు ఏటవాలుగా పడి, స్లైడరు పక్కన గుండ్రటి మచ్చ కనిపించింది. ఏళ్ళ తరబడి బొట్టు చాటున ఉండి రంగు వెలవని చోటు. మేం ఆగింది అక్కడ కాదు. ఇంకా వేలి వెడల్పంత అవతల, ఇంకా నెమ్మది వైపు. ఆయన చేతులు ముసలివైపోయాయి. చెప్పాలా వద్దా అని పాట పూర్తయ్యేదాకా ఆలోచించాను. చెప్పలేకపోయాను.

మా ఆవిడ స్లైడరు ఉన్నచోట గుర్తుగా అంటిద్దామని తన నుదుటి బొట్టు తీయబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దమ్మా. నా చెయ్యి స్లో అయింది, నాకు తెలుసు. వచ్చే ఏటికి ఇంకా అవుతుంది," అన్నారు. "ఆమె నా కోసం ఆగుతుంది."