తెల్లదానికి ఉంది, నల్లదానికి లేదు

మా ఇంట్ల రెండు పిల్లులు. ఒకటి తెల్లది, ఒకటి నల్లది. పేర్లు పెట్టలే. మా చెల్లె మాత్రం రెండిట్ని బిడ్డా అనే పిలుస్తది. కోరుట్లల ఉండేది మేమిద్దరమే, ఇద్దరి మొగోళ్లు పోయిండ్రు. చెల్లె బీడీలు చేస్తది. నేను సిరిసిల్లల నలభై ఏండ్లు సాంచెల మీదికి, అంటే బట్ట నేసే మరమగ్గాల మీదికి, నూలు కండెలు చుట్టి, మోకాళ్లు పట్టేసినంక దాని ఇంటికి వచ్చిన.

పోయిన ఎండకాలం నల్లది తిండి మానేసింది. నోట్ల నుంచి సొంగ, బొక్కలు తేలినయి. తెల్లది మాత్రం బలిసి ఉన్నది. కోరుట్ల పశువుల దవాఖానకు తీస్కపోతె, అక్కడి సారు చూసి, "బర్లకు గొర్లకైతె నేను చూస్త. దీనికి రక్తం పరీక్ష గావాలె. జగిత్యాలల కుక్కలకు, పిల్లులకు చూసే డాక్టరు ఉన్నడు. ఇంట్ల ఇంకోటుంటె దాన్ని గూడ తీస్కపోండ్రి" అన్నడు.

కూరగాయల బుట్టల రెండిట్ని పెట్టి, పైన పాత చీర కట్టి బస్సెక్కినం. కండక్టరు బుట్ట దిక్కు చూసిండు.

"ఏందవ్వా, కోళ్లా?"

"పిల్లులు" అన్న.

"అమ్మేతందుకా?"

"సూదేపిచ్చేతందుకు" అన్నది మా చెల్లె. బస్సంత నవ్విండ్రు.

జగిత్యాల డాక్టరు చిన్న వయసాయన. రెండిటి కాళ్ల మీద ఇంత బొచ్చు గీకి నెత్తురు తీసిండు. సూది చూడలేక మా చెల్లె బయటికి పోయింది. పిల్లులకు ల్యుకేమియా అని ఒక వైరస్ వస్తదట. రక్తాన్ని చెడగొడ్తదట. తీసేసే మందు లేదు. ఒకదాని ఉమ్మి నుంచి ఇంకోదానికి అంటుకుంటది, మనుషులకు రాదు. ఇవన్నీ చెప్పుకుంట రెండు తెల్ల ప్లాస్టిక్ బిళ్లల మీద నెత్తురు సుక్కలేసి, ఎడమ పక్కది తెల్లదానిది, కుడి పక్కది నల్లదానిది, పది నిమిషాలు ఆగుమన్నడు. గంతల్నే ఎవరో బండి కింద పడ్డ కుక్కను తెచ్చిండ్రు. ఆయన అటు పోయిండు. నేను బిళ్లల ముందట కూసున్న.

తెల్లదాని బిళ్ల మీద రెండు ఎర్ర గీతలు లేసినయి. నల్లదాని బిళ్ల మీద ఒక్కటే.

నలభై ఏండ్లు పోగులు చూసిన కండ్లు నాయి. రెండు పోగులు ఉండాల్సిన జాగల ఒక్కటే ఉంటె, ఇంకోటి తెగినట్టే. ఆ బట్టను పక్కకు పెడ్తరు. నల్లదాని పని అయిపోయింది అనుకున్న.

డాక్టరు చేతులు కడుక్కుంట వచ్చి బిళ్లలు చూసిండు. "తెల్లదానికి ఉందమ్మా. నల్లదానికి లేదు" అన్నడు. ఏం ఉన్నదో, ఏం లేదో ఆయన అనలే, నేను అడగలే. నాకు గీతే ఇనవడ్డది. "రోగమున్నదాన్ని వేరే ఉంచుండ్రి. గిన్నె గూడ వేరే. బయటి పిల్లులతోని కలవనియ్యొద్దు. నల్లదానికి నోరు చెడింది, గోలీలు రాస్త."

"కాగితం మీద తెలుగుల రాయి బిడ్డా, నాకు చదువస్తది" అన్న.

నేను అక్షరాలు నేర్సింది యాభై దాటినంక. పింఛన్ కాగితాల మీద ఏలు ముద్ర ఎయ్యబుద్ధి గాక నేర్సిన. ఆయన రాసిచ్చిండు. నేను ఆయన ముందటనే పైకి చదివిన: తెలుపు, ఉంది. నలుపు, లేదు.

"మంచిగ చదివినవమ్మా" అన్నడు.

బస్సుల మా చెల్లె అడిగింది, "ఏమన్నడక్కా?"

"నల్లదానికి లేదట."

"ఏం లేదు?"

"గీత. నీకు సమజ్ కాదు తియ్యి. కాగితం మీద రాసి ఉన్నది."

"చదువుకున్నదానివి, నీకే తెలుస్తది" అన్నది మూతి తిప్పి.

నల్లదాన్ని బీడీల తునికాకు పెట్టే అర్రల ఏసి గొళ్లెం పెట్టిన. దాని సత్తుగిన్నె దానికే. మొదట ఒర్లింది, తర్వాత మానేసింది. గోలీలు పాలల్ల కలిపి పోస్తె నెల దాటేసరికి నోరు నయమైంది, ఒళ్లు చేసింది. అయినా బయటికి తియ్యలే.

పక్కింట్ల జాకెట్లు కుట్టే ఆమె ఉంటది, ఇంట్ల ఉర్దూ, మాతోని తెలుగు. ఆమెకొక పిల్లికూన ఉండె. అది వచ్చి తెల్లదానితోనే ఆడేది. ఒకదాన్నొకటి నాకుతుండె, ఒక్క గిన్నెల తింటుండె. ఒకనాడు ఆమె గోడ మీదికెల్లి అడిగింది.

"పెద్దమ్మా, మీ పిల్లికి అంటురోగమట గదా. మా దాన్ని రానియ్యాల్నా, వద్దా?"

"రోగం నల్లదానికి. అర్రల ఉన్నది. తెల్లది సాఫ్‌గున్నది, పంపు" అన్న. మాట నాదే.

వానకాలం నడుమ తెల్లది పాడైంది. చిగుళ్లు సున్నం లెక్క తెల్లగైనయి. మళ్లీ జగిత్యాల పోయినం. ఇన్ని దినాలు దేన్ని వేరే పెట్టినవని డాక్టరు అడిగిండు. నల్లదాన్ని అన్న.

"నల్లదాన్నా? లేదని రాసిచ్చిన గదమ్మా."

సంచిల నుంచి కాగితం తీసిన. గవే అక్షరాలు. "ఏం లేదని రాసినవు?" అన్న.

"రోగం. రెండో గీత రోగమున్నదానికే లేస్తది" అన్నడు.

మా చెల్లె నా దిక్కు చూసింది. ఏమన్నా అంటదేమో అనుకున్న. బుట్ట మీద చీర సదురుకుంట కూసున్నది.

ఇంటికొచ్చి గొళ్లెం తీసిన. తెల్లది ఇంట్లనే ఉన్నదని మళ్లీ పెట్టి, పక్కింటికి పోయి కుట్టుమిషన్ పక్కన నిలవడి, రోగం తెల్లదానికని చెప్పిన. ఆమె కాలు ఆపింది. తెల్లారి కూనను ఒళ్లె పెట్టుకొని నాతోని జగిత్యాల వచ్చింది.

కూన బిళ్ల మీద ముందు ఒక గీత లేసింది. తర్వాత దాని పక్కన ఇంకోటి, పల్చగ, సన్న నూలు లెక్క. ముందు నాకే కనవడ్డది. డాక్టరు వచ్చి చూసి చెప్పిండు. కొన్ని వారాలైనంక మళ్లొకసారి చూస్త, అప్పటిదాంక ఉన్నట్టే అనుకోండ్రి, మంచిగ తినిపిస్తె కొన్నేండ్లు గూడ బతకొచ్చు అన్నడు. రోగమున్నయి రెండు ఒక్కకాడ ఉండొచ్చు, లేనిదాన్ని వాటికి దూరం పెట్టాలె అన్నడు.

కోరుట్ల బస్టాండుల దిగినం. ఆమె అన్నది, "నువ్వు చదువుకుంటివి గదా పెద్దమ్మా."

"చదివిన బిడ్డా. అక్షరాలు మంచిగనే చదివిన."

కొంచెం దూరం నడిసినంక, "నల్లదాన్ని నాకియ్యి. దీన్ని నువ్వు పెట్టుకో" అన్నది.

గట్లనే చేసినం. నల్లది వాళ్లింట్ల గుడ్డ పేలికల మీద పండుకుంటది. నన్ను చూస్తె మిషన్ కిందికి పోతది. కూన మా ఇంట్ల తెల్లదాని పక్కన పంటది. రెండిటికి ఒక్కటే గిన్నె. తెల్లది సగం వదిలేస్తది, కూన తింటది. మా చెల్లె రెండిట్ని బిడ్డా అంటది.

కూనకు పాలు పక్కింటామెనే తెస్తది, దినాం పొద్దున. గడప మీద పెట్టి, కూనను పిలిచి, అది తాగేదాంక బయటనే నిలవడ్తది. లోపలికి రా అని నేను అనలే. వచ్చే వారం కూనకు మళ్లీ పరీక్ష ఉన్నది. బుట్ట నేనే పట్టుకుంటనని చెప్పిన. సరే అన్నది.