మాస్టారి బల్ల దగ్గర నాలుగో కుర్చీ

రాజోలులో నా ఉపన్యాసం సగంలో ఉంది. మాటకి కూడా ఒక తపస్సు ఉంటుందని చెప్తున్నాను. నోట్లోంచి వచ్చే మాట నిజమై ఉండాలి, వినేవాడికి ఇంపుగా ఉండాలి, మేలు చెయ్యాలి, ఎవరి మనసూ కలవరపెట్టకూడదు. పందిరి చివర మా కొత్తపేట కండక్టరుగారు నిలబడి కనిపించేరు. ఆర్టీసీలో రిటైరైన మనిషి. ఏనాడూ నా ఉపన్యాసం చివరిదాకా విన్నవాడు కాదు, అలాంటిది ఇంత దూరం బస్సెక్కి వచ్చేడే అని నాకు పొంగొచ్చింది. ఆ పొంగులో గొంతు ఇంకా పెంచేను. ఆయన చెయ్యెత్తేరు. నమస్కారం అనుకుని నేనూ చెయ్యెత్తేను.

హారతయ్యాక దగ్గరికొచ్చి అన్నారు. "లెక్కల మాస్టారు పొద్దున్నే పోయేరండి. మీరెక్కడైనా ఆపుతారేమో చెబుదామని చూసేను."

"పిలవకపోయేరా?"

"మీరు మాట్లాడుతుంటే ఎవరు పిలవగలరండీ!"

మేం కొత్తపేట చేరేసరికి మాస్టారిని తీసుకెళ్ళిపోయేరు. అరుగు కడిగిన నీళ్ళు ఇంకా ఆరలేదు. గోడకి ఆయన సైకిలు ఆనించి ఉంది. ఆఖరి చూపు నాకు దక్కలేదు. దక్కకుండా చేసింది నా నోరే.

చదువుతున్న మీలో ఆయన్ని ఎరగనివాళ్ళుంటారు, వాళ్ళ కోసం చెప్తాను. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన ఈ మాస్టారే మా గురువారం గోష్ఠి పెట్టేరు. ఉద్యోగాలు అయిపోయినవాళ్ళు వారానికొకసారి రైసుమిల్లు పాత ఆఫీసు గదిలో చేరి, ఒకరికి తెలిసింది ఇంకొకరికి నేర్పుకోవడం. అంతే గోష్ఠి. పోస్టుమాస్టారుగారు ఇంగ్లీషు పేపరు చదవడం నేర్పేరు. కండక్టరుగారు అంటు కట్టడం నేర్పేరు, ఆయన కట్టిన మామిడంటు ఒక్కటీ బతకలేదు, అది వేరే సంగతి. అమలాపురం నించి ఒకాయన కంప్యూటరు తెచ్చి నేర్పబోతే, ముందు దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొడితేగాని మావాళ్ళు ముట్టుకోలేదు. కొబ్బరినీళ్ళు ఎక్కడ పడతాయోనని ఆ కుర్రాయన దాన్ని రెండు చేతులతో కప్పుకుని నిలబడ్డారు.

గోష్ఠికి మాస్టారు పెట్టిన నియమం ఒక్కటే. ఈ వారం నిలబడి చెప్పినవాడు వచ్చే వారం కూర్చుని వినాలి. అందరూ పాటించేరు. పాటించనివాణ్ణి నేనొక్కణ్ణే. కొబ్బరి వర్తకుల దగ్గర గుమాస్తాగా ఉంటూ, బడి మొహం సరిగా చూడకుండానే, గ్రంథాలు నాకు నేనే కూడబలుక్కుని చదువుకున్నవాణ్ణి. అంత కష్టపడి నేర్చుకున్నవాడికి చెప్పడమే తెలుస్తుంది, వినడం చేతకాదు. నా వంతయ్యాక ఏదో ఊళ్ళో సప్తాహం ఉందని వెళ్ళిపోయేవాణ్ణి. మాస్టారు నవ్వేవారు.

"ప్రవచనంగారూ, మీరు నిలబడ్డ గురువారాలే ఉన్నాయండి. కూర్చున్నది ఒక్కటైనా చూపించండి."

"కూర్చుంటానండీ, తొందరేముంది!"

"ఆయ్."

ఆ 'ఆయ్'లో ఆయనకి సమ్మతి ఎంత ఉండేదో, అసమ్మతి ఎంత ఉండేదో ఇప్పటికీ నాకు తేలలేదు. జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. రిటైరై అన్నేళ్ళయినా ఉండేది. చొక్కాలన్నిటికీ ఆ జేబు దగ్గర తెల్లగా ఉండేది. సైకిలుందిగాని ఎవరైనా పక్కన నడుస్తుంటే ఎక్కేవారు కాదు, నడిపించుకుంటూ వచ్చేవారు. పాఠం చెప్పేక 'అర్థమైందా' అని ఏనాడూ అడగలేదు. 'ఎక్కడ అర్థం కాలేదండీ?' అనేవారు. అలా అడిగితే తెలీనివాడికి సిగ్గనిపించదట.

పాఠం అయిపోయినా కొందరు ఇంటికి కదలరని ఆయనే కనిపెట్టేరు. భార్యలు పోయినవాళ్ళు, భర్తలు పోయినవాళ్ళు. గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఇంకో మాట, విప్పి ఇంకో మాట. వాళ్ళ కోసం కిటికీ పక్కన ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేసి పేకముక్కలు తెచ్చేరు. పందెం లేదు, పైసా లేదు. ఎదురెదురు ఇద్దరిద్దరు జోడీగా ఆడే ఆట. జోడీతో మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు. వేసిన ముక్కని బట్టే మనసు తెలుసుకోవాలి. "నోరు మూసుకుని ఎదుటిమనిషిని తెలుసుకోవడం, ఇదే ఇందులో విద్యండి," అనేవారు.

ఆ బల్ల దగ్గర కండక్టరుగారూ పోస్టుమాస్టారుగారూ ఒక జోడీ. మాస్టారికి జోడీ నర్సమ్మగారు. పలివెల ఆవిడ, ప్రభుత్వాసుపత్రిలో చేసి రిటైరయ్యేరు. ఈ చుట్టుపక్కల సగం మంది పిల్లలు ఆవిడ చేతుల్లో పడ్డవాళ్ళే. మా అందరికీ బీపీ చూసుకోవడం నేర్పింది ఆవిడే. భర్త పోయి చాలా కాలమైంది. ఆట గెలిస్తే ఆవిడ నవ్వు మిల్లు బయట లారీల దాకా వినపడేది.

ఆ నవ్వే నన్ను రెచ్చగొట్టింది. దాచను.

గోష్ఠి వార్షికోత్సవం. ఇళ్ళవాళ్ళూ పిల్లలూ అందరూ వచ్చేరు. మైకు నా చేతికిచ్చేరు. జూదంతో రాజ్యాలు పోయిన కథ ఎత్తేను. జనం కదలకుండా వింటున్నారు. ఆ ఊపు ఎక్కిందంటే నేను నా చేతిలో ఉండను. "ఏ ఊళ్ళో ఇల్లాలు పరాయి మగాళ్ళ మధ్య ముక్కలు పట్టుకుని పకపకా నవ్వుతుందో, ఆ ఊళ్ళో వాన పడదు, శాస్త్రం చెప్తోంది!" అన్నాను.

ఏ శాస్త్రమూ చెప్పలేదు. నేను చదివిన ఏ గ్రంథంలోనూ ఆ వాక్యం లేదు. చప్పట్ల కోసం ఆ క్షణాన నా నోట్లో పుట్టింది. చప్పట్లు పడ్డాయి కూడా. తలలన్నీ నర్సమ్మగారి వైపు తిరిగేయి. ఆవిడ లేచి, కుచ్చిళ్ళు సవరించుకుని, ఎవర్నీ చూడకుండా వెళ్ళి చెప్పులేసుకున్నారు. మళ్ళీ గోష్ఠికి రాలేదు.

ఆ సాయంత్రం వందన సమర్పణ మాస్టారు చేసేరు. "మనకి బీపీ చూసుకోవడం నేర్పిన నర్సమ్మగారికి," అని అందరికన్నా ముందు ఆవిడ పేరెత్తి, ఖాళీ కుర్చీకి దణ్ణం పెట్టేరు. నన్ను ఒక్క మాటైనా అనలేదు. మర్నాడు సైకిలు నడిపించుకుంటూ మా ఇంటికొచ్చేరు.

"ఆవిణ్ణి లేపింది మీ మాటండి. కూర్చోబెట్టాల్సిందీ మీ మాటే. ఒక్కసారి ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి రమ్మనండి."

"మీరు పిలవండి మాస్టారూ, మీ మాట కాదనరు."

"నేను పిలిస్తే జాలండి. మీరు పిలిస్తే మర్యాద."

కార్తీకం వెళ్ళనివ్వండి అన్నాను. తర్వాత ధనుర్మాసం అడ్డొచ్చింది. తర్వాత పందిళ్ళు, సప్తాహాలు. అడ్డొచ్చింది అవేవీ కావు. తప్పు చెప్పేనని ఒప్పుకుంటే ఇంకెవరు వింటారు నన్ను? అదీ భయం. నలుగురికీ అహంకారం చంపుకోమని మైకులో అరిచేవాడు, తన అహంకారానికి మాత్రం మూడు పూటలా నైవేద్యం పెట్టుకున్నాడు. మాస్టారు కనపడ్డప్పుడల్లా అడిగేవారు. గట్టిగా కాదు. ఆఖరిసారి అడిగినప్పుడు ఆయనకి ఆయాసంగా ఉంది. సైకిలు హేండిలు పట్టుకుని ఆగి అన్నారు.

"లెక్క తప్పితే కొట్టేసి మళ్ళీ చెయ్యొచ్చండి, తప్పు లేదు. గంట కొట్టేలోపే చెయ్యాలి."

"ఈ నెల వెళ్తానండి, తప్పకుండా."

"ఆయ్."

ఆ నెలలోనే గంట కొట్టేసింది.

సంతాపసభలో మాట్లాడమని నన్నే అడిగేరు. ఇంకెవర్ని అడుగుతారు! ఒప్పుకోలేదు. పలివెల వెళ్ళేను. ఆవిడ ఇంటి ముందు నిలబడి, వేల మంది ముందు పెంచే గొంతు బాగా తగ్గించి పిలిచేను.

"నర్సమ్మగారూ," అన్నాను.

"ఎవరండీ?" అంటూ వచ్చి చూసేరు. "మీరా! లోపలికి రండి. నేనున్న చోట వాన పడదు లెండి, గొడుగు అక్కర్లేదు."

తలెత్తలేకపోయేను. "ఆ మాట శాస్త్రంలో లేదమ్మా. నేను కల్పించేను."

"తెలుసండి. ఆ పుస్తకాలు నేనూ చదువుతాను."

"మరి ఆ రోజే అనకపోయేరా?"

"మైకు మీ దగ్గరుంది కదండీ."

కుర్చీ చూపించి, మజ్జిగ తెచ్చిచ్చేరు. గోష్ఠికి రమ్మన్నాను. ఆవిడ అన్నారు, "మాస్టారున్నప్పుడు రావాల్సిందండి మీరు. ఇటొచ్చినప్పుడల్లా, 'ఈ వారం వస్తారమ్మా ఆయన, మనిషి మంచివాడు, నోరే కొంచెం ముందు నడుస్తుంది' అనేవారు. మీరొస్తారని నాకు లేదుగాని, ఆయనకి చాలా నమ్మకం."

మజ్జిగ గ్లాసు నా చేతిలో అలాగే ఉండిపోయింది. తిట్టిపోసినా బాగుండేది. నన్ను నమ్ముతూనే పోయిన మనిషికి నేనేం చెప్పుకోను?

వస్తాననీ అనలేదు, రాననీ అనలేదావిడ. "చూస్తానండి," అన్నారు.

ఆ గురువారం నేను అందరికన్నా ముందు వెళ్ళి, వచ్చిన ప్రతివాళ్ళకీ మైకు లేకుండా చెప్పేను, వార్షికోత్సవంలో నేనన్నది అబద్ధమని. కొందరు తలొంచుకున్నారు. "ఇప్పుడెందుకండీ అవన్నీ," అన్నారు పోస్టుమాస్టారుగారు. కిటికీ పక్కన బల్ల మీద మాస్టారి సుద్దముక్క ఒకటి అలాగే ఉంది. ఎవరూ తియ్యలేదు.

పాఠం సగంలో గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. నర్సమ్మగారు. ఎవరితోనూ ఏమీ అనకుండా వచ్చి బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చున్నారు. కండక్టరుగారు కళ్ళు తుడుచుకుని, ముక్కలు తీసి కలిపేరు. కలిపి, పక్కన ఖాళీగా ఉన్న మాస్టారి కుర్చీ చూసి ఆగిపోయేరు.

"ఒక చెయ్యి తక్కువైందండి," అన్నారు.

అందరూ నా వైపు చూసేరు. జన్మలో పేకముక్క ముట్టనివాణ్ణి. వెళ్ళి కూర్చున్నాను. మాస్టారి కుర్చీలో, నర్సమ్మగారికి ఎదురుగా, ఆవిడ జోడీగా. ఏ ముక్క కన్నా ఏది పెద్దదో, ఏ రంగు తురుపై మిగతా రంగులన్నిటినీ కొడుతుందో కండక్టరుగారు చెప్పేరు. పుస్తకం పట్టుకున్నట్టు ముక్కలు రెండు చేతులతో విప్పి పట్టుకుంటే, "మీ ముక్కలన్నీ మాకు కనపడుతున్నాయండి, గుండెకి దగ్గరగా పెట్టుకోండి," అన్నారు.

"క్షమించమని ఆవిణ్ణి ఇంకా అడగనే లేదు..." అన్నాను ఆయనతో.

"జోడీతో మాట్లాడకూడదండి. ఆట మొదలైపోయింది," అన్నారు కండక్టరుగారు.

కండక్టరుగారు ఇస్పేటు రాజు వేసేరు. నా చేతిలో ఇస్పేటు ఆసు ఉంది. దాంతో కొట్టాలని నాకప్పటికి తోచలేదు, కంగారులో ఇస్పేటు రెండు వేసేను. పోస్టుమాస్టారుగారు ఇంకో చిన్న ముక్క వేసి, పట్టు మాదేనని నవ్వేరు. నర్సమ్మగారు కళ్ళజోడు పైనించి నన్నోసారి చూసేరు. ఏం చూసేరో తెలీదు. నెమ్మదిగా ఒక ముక్క తీసి, రాజు మీద తురుపు పెట్టేరు.

నన్ను కాచేరో, ఆట కోసం వేసేరో, అడగడానికి లేదు. పడ్డ నాలుగు ముక్కలూ పోగుచేసి, బోర్లించి, సుద్దముక్క పక్కన మా వైపుకి జరిపేరావిడ.