ఆ ఎనిమిది గంటలు

మా చెల్లెలికి ఎండ పడదు. అరగంట నిలబడితే చాలు, బుగ్గలు రెండూ ఎర్రగా కంది, కీళ్లు పట్టేసేవి. లూపస్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన రక్తమే ఒంటి మీద పడుతుందట, ఏం ఖర్మో! అందుకే నీడపట్టు పని వెతుక్కుంది. బుగ్గలకు పౌడరు దట్టించి, చొక్కాల కంపెనీలో ఇస్త్రీ బల్ల దగ్గర పదకొండేళ్లు ఆవిరిలో నిలబడింది. కాలరు ముందు, చేతులు తర్వాత, వీపు చివర. ఇంట్లో నన్ను ఇస్త్రీపెట్టె ముట్టనిచ్చేది కాదు. "నువ్వు చేస్తే ఆవు నమిలినట్టుంటుందక్కా" అనేది.

ఈ మధ్య బల్ల దగ్గరే రెండుసార్లు కళ్లు తిరిగి పడబోయింది. దాని రక్తంలోని యాంటీబాడీలు గుండె లయను కూడా చెడగొట్టగలవని డాక్టరమ్మ అనుమానపడింది. ఛాతీకి తీగలు అంటించి, గుండె కొట్టుకునే తీరు నమోదు చేసే చిన్న పెట్టె నడుముకు కట్టింది.

"ఒక రోజంతా తీయొద్దు, తడపొద్దు. రోజూ చేసే పనులే చెయ్యి. గుండెకు మెషిన్ పెట్టాలో వద్దో ఇది చూసే చెప్తాను."

మర్నాడు పొద్దున్నే చెల్లెలు తీగలు పీకేసుకుని నా ముందు నిలబడింది.

"ఆవిరికి తడుస్తుంది కదక్కా. మేస్త్రి చూశాడంటే జబ్బుమనిషినని ఇంటికి పంపేస్తాడు. నేనొచ్చేదాకా నువ్వు పెట్టుకో."

"నీకేమైనా మతి పోయిందా?"

"పెట్టెలో ఆ ఎనిమిది గంటలూ ఖాళీగా కనిపిస్తే డాక్టరమ్మ తిడుతుంది. అక్కచెల్లెళ్లం, ఒకటే రక్తం కదా!"

నా తెలివి తగలెయ్య, కట్టించుకున్నాను. పైగా దాని కష్టానికి సరిపోవాలని ఆ ఎనిమిది గంటలూ కూర్చోలేదు. గదులు ఊడ్చాను, మెట్లు ఎక్కి దిగాను. సాయంత్రం వచ్చి మళ్లీ తనే తగిలించుకుంది.

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ కాగితాలు తిరగేసింది. "నిద్రలో కాస్త నెమ్మదించింది, అది చాలామందికి ఉండేదే. పనిలో మాత్రం భేషుగ్గా ఉంది. మెషిన్ ఇప్పుడే అక్కర్లేదు."

చెల్లెలు బల్ల కింద నా చెయ్యి గిల్లింది. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. బయటికొచ్చాక ఇద్దరం పడీ పడీ నవ్వాం కూడా.

పదిహేడో రోజున, చొక్కా వీపు మిగిలి ఉండగానే బల్ల మీదికి ఒరిగిపోయింది. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం పోయింది.

నేను డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఆ పాత కాగితాలు ముందేసుకుని తల పట్టుకుంది. "పనిలో ఇంత బాగా కొట్టుకున్న గుండె ఎలా ఆగిందమ్మా?"

"ఆ గుండె నాదమ్మా" అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది.